బడికి తాళం పడే 49 రోజులు

మార్చి 15 రాగానే తెలంగాణలో సర్కారు బడి గంట మారుతుంది. పొద్దున 8 గంటలకు మొదలై మధ్యాహ్నం 12:30కు బడి అయిపోతుంది. ఒంటిపూట బడి అంటే ఇదే. ఏప్రిల్ 23తో ఆ ఏటి చదువు ముగుస్తుంది, జూన్ 12న మళ్లీ తలుపులు తీస్తారు. మధ్యలో 49 రోజులు బడికి తాళం. సిలబస్ అయిపోయింది, పరీక్షలు మాత్రమే మిగిలాయి, ఎండ ముదిరింది కాబట్టి ఈ మూడు నెలల్లో చెప్పుకోదగ్గదేమీ ఉండదని అందరూ అనుకుంటారు. కానీ నల్లగొండ, పాలమూరు పల్లెల్లో పాతిక ముప్పై మంది పిల్లలున్న చిన్న బడి ఉంటుందా పోతుందా అన్నది తేలేది ఈ మూడు నెలల్లోనే. వచ్చే ఏడు ఎవరు ఈ బడికే వస్తారు, ఎవరు పట్నం బస్సెక్కుతారు, ఎవరు చదువు మానేస్తారు అన్న మాటలన్నీ బడి మూసి ఉన్నప్పుడే ఇళ్ల అరుగుల మీద తేలిపోతాయి.

ముందు ఆ ఉదయం 8 గంటల సంగతి. కాగితం మీద చూస్తే ఆ వేళ బాగానే ఉంది, ఎండ ఎక్కకముందే పాఠాలు అయిపోతాయి. అయితే కూలికి పోయే ఇళ్లలో పొద్దు అంతకన్నా ముందే మొదలవుతుంది. ఉపాధి హామీ పనిని ఊళ్లో ఇప్పటికీ కరువు పని అనే అంటారు. వేసవిలో ఆ పనికి తెల్లవారగానే పార, తట్ట పట్టుకుని పోతారు, ఎండ మండే వేళకు తిరిగొస్తారు. యాసంగి వరి కోతలు కూడా అప్పుడే. కల్లంలో వడ్లు ఆరబోసుకుని, కొనుగోలు కేంద్రం దగ్గర కాంటా ఎప్పుడవుతుందా అని రోజుల తరబడి కూర్చునే కుటుంబాలు ఎన్నో. పిల్లకు తల దువ్వి, ఇంత తినబెట్టి బడికి పంపే మనిషి ఆ వేళ ఇంట్లో ఉండదు. ఆ బాధ్యత నాలుగో తరగతి చదివే అక్క మీద పడుతుంది. ఆమె తమ్ముణ్ని చంకనేసుకుని బడికి వస్తుంది.

ఆ చంటివాణ్ని లోపలికి రానివ్వాలా వద్దా అన్నది చూడడానికి చిన్న సంగతే. ఫలితం మాత్రం పెద్దది. రానిచ్చిన బడిలో ఆ అమ్మాయి ఏప్రిల్ దాకా వస్తుంది, పరీక్ష రాస్తుంది. "చిన్నోణ్ని ఇంట్ల విడిచిపెట్టి రా" అన్న బడిలో మార్చి చివరి నుంచే ఆమె కనిపించదు. అంగన్‌వాడీ అదే ఆవరణలో ఉంటే ఈ చిక్కు చాలావరకు తీరుతుంది. లేనిచోట సారు కాస్త చూసీచూడనట్టు ఉండడమే మేలు. ఒక చాప మూలకు పరిచి, రెండు పలకముక్కలు చేతికిస్తే ఆ చంటివాడు ఎవరికీ అడ్డం రాడు.

ఒంటిపూట రోజుల్లో చివరి గంట కొట్టాకే భోజనం. 2001 నవంబర్ 28న సుప్రీంకోర్టు వండిన భోజనమే పెట్టాలని ఆదేశించాక, 2003 జనవరి నుంచి అప్పటి ఉమ్మడి రాష్ట్రంలో మధ్యాహ్న భోజనం మొదలైంది. ప్రాథమిక బడిలో ఒక్కో పిల్లకు రోజుకు 100 గ్రాముల బియ్యం లెక్క. తెలంగాణలో వారానికి మూడు గుడ్లు పెట్టాలి. 12:30కు పళ్లెం ముందు కూర్చున్న పిల్లలు తిన్నాక ఎండలో ఇంటికి పోవాలి. ఇంట్లో పెద్దవాళ్లు అప్పటికి కరువు పని నుంచి వచ్చి కూలబడి నిద్రపోతుంటారు, లేదా ఇంకా కల్లం దగ్గరే ఉంటారు. అక్కడి నుంచి పొద్దుగూకేదాకా పిల్లలు ఎవరి లెక్కలోనూ ఉండరు. చింతచెట్ల కింద చిర్రగోనె, గోలీలు, అచ్చనగిల్లలు, తాటివనంలో ముంజలు, ఈత పండ్లు. ఇదంతా మంచి బాల్యమే, కాదనలేం. ఆ వరసలోనే వ్యవసాయ బావులూ ఉంటాయి. మెట్లు కూలిపోయిన పాత మోట బావులు, నీళ్లు నిలిచిన మట్టి గుంతలు, సాగర్ ఎడమ కాలువ పారే చోట కాలువ గట్లు. పత్రికల జిల్లా పేజీల్లో ఈత కోసం దిగి ప్రాణం పోగొట్టుకున్న పిల్లల వార్త రాని వేసవి లేదు. ఊళ్లో ఈత వచ్చిన పెద్దవాళ్లు ఉన్నారు, పిల్లలకు ఈత నేర్పే ఏర్పాటు లేదు. తండ్రో మేనమామో బెండ్లు నడుముకు కట్టి బావిలో దింపి నేర్పే అలవాటు వెనకబడింది, పిల్లలకు బావి మీద మోజు మాత్రం తగ్గలేదు. వేసవి కార్యక్రమం అంటూ ఊరు ఒక్కటే పెట్టుకోగలిగితే అది ఇదే కావాలి: లోతు తెలిసిన బావి, మోకు, ఇద్దరు పెద్దవాళ్ల కాపలా, పొద్దున ఒక గంట.

ఏప్రిల్ 24 నుంచి పొయ్యి కూడా ఆరిపోతుంది. సెలవుల్లో మధ్యాహ్న భోజనం లేదు. ఇది మారలేని నియమమేమీ కాదు. కరువు ప్రాంతాల్లో వేసవి సెలవుల్లోనూ భోజనం పెట్టాలని సుప్రీంకోర్టు 2004లోనే చెప్పింది, 2016 మే నెలలో మళ్లీ చెప్పింది. ఆ 2016 వేసవిలో తెలంగాణ కరువు మండలాల్లో సెలవుల్లోనూ బడి పొయ్యి వెలిగింది. కరువు ప్రకటించిన ఏడాదిలో మాత్రమే పిల్లకు మే నెల ఆకలి వేస్తుందన్నట్టు మిగతా ఏళ్లలో ఆ మాటే ఎత్తరు. వండేవాళ్లు ఊరి పొదుపు సంఘాల మహిళలే. వాళ్లకు గౌరవ వేతనం లెక్క కట్టేది కూడా ఏడాదికి పది నెలలకే. గుడ్లు, కూరగాయల బిల్లులు ఆలస్యమైతే దుకాణంలో అప్పు పెట్టి వండేదీ వాళ్లే. బడికీ ఊరికీ మధ్య రోజూ నడిచే మనిషి ఎవరంటే సారు కన్నా ముందు వంటమ్మ పేరే చెప్పాలి. ఏ పిల్ల రెండు రోజులుగా రాలేదో, ఏ ఇంట్లో జ్వరమో, ఎవరు ఎవరితో గొడవపడి వలస పోయే ఆలోచనలో ఉన్నారో ఆమెకు తెలుస్తుంది. బడి కమిటీ సమావేశాల్లో ఆమెను అన్నం పెట్టడానికి పిలుస్తారు, మాట చెప్పమని అడగరు.

మార్చి, ఏప్రిల్‌లో చిన్న బడికి మరో ఇబ్బంది ఉంది, అది బయటికి అంతగా కనబడదు. పదో తరగతి పరీక్షలకు ఇన్విజిలేటర్లు కావాలి. ఆ డ్యూటీలు ప్రాథమిక బడి టీచర్లకూ పడతాయి. విద్యా హక్కు చట్టం ప్రకారం 60 మంది లోపు పిల్లలుంటే ఇద్దరు టీచర్లు ఉండాలి. ఆ ఇద్దరిలో ఒకరు పరీక్ష డ్యూటీకి పోతే ఐదు తరగతులూ ఒక్కరి చేతిలో ఉంటాయి. అసలు ఒక్కరే ఉన్న బడిలో ఆ ఒక్కరికీ డ్యూటీ వేస్తే పక్క ఊరి నుంచి ఎవరో వచ్చి గంట కొట్టి హాజరు వేసి పోతారు. ఏడాది పొడవునా నేర్చుకున్నది గట్టిపడాల్సిన వారాలు ఇవి. చదవడం అప్పుడప్పుడే పట్టుబడుతున్న రెండో తరగతి పిల్లకు ఈ నెల చేజారి, ఆపైన 49 రోజుల సెలవు కలిస్తే జూన్‌లో మళ్లీ అక్షరాల దగ్గరికే రావాలి. 2022లో మొదలైన తొలిమెట్టు కార్యక్రమం చదవడం, రాయడం, లెక్కలు చేయడం వంటి మౌలిక సామర్థ్యాల కోసమే. ఆ కష్టం ఎక్కువగా కరిగిపోయేది ఏప్రిల్, మే నెలల్లోనే.

వలస ఊళ్లలో ఇంకో తీరు. నారాయణపేట, మద్దూరు, కోస్గి, మక్తల్ వైపు నుంచి ముంబై, పుణె పనులకు పోయే కుటుంబాలు కూలీలను పనికి తీసుకుపోయే గుంపు మేస్త్రీ దగ్గర అడ్వాన్స్ తీసుకుని పంట పని తగ్గాక బయల్దేరుతాయి, ఎండాకాలంలో పెళ్లిళ్లకూ దేవర పండుగలకూ తిరిగొస్తాయి. కోయిల్‌సాగర్, భీమా, నెట్టెంపాడు, కల్వకుర్తి ఎత్తిపోతల నీళ్లు అందిన మండలాల్లో వలస తగ్గింది, నీళ్లు అందని చోట ఇంకా ఉంది. తల్లిదండ్రులు పోయినా పిల్లలు ఊళ్లోనే ఉండి చదువుకునేందుకు బడుల్లో సీజనల్ హాస్టళ్లు నడుపుతున్నారు. అక్కడ చేరని పిల్లలు ఏప్రిల్‌లో ఊరికొచ్చి, తమ ఈడు వాళ్లు పరీక్ష రాస్తుంటే గోడ మీద నుంచి చూస్తారు. వాళ్లు మళ్లీ పుస్తకం పట్టగలిగే సమయం వాళ్లు ఊళ్లో ఉండే ఈ వేసవే. సరిగ్గా అప్పుడే బడికి తాళం వేసి ఉంటుంది. బడి ఏడాదినీ వలస ఏడాదినీ పక్కపక్కన పెట్టి చూస్తే ఎవరికైనా బాధ కలుగుతుంది.

జోగులాంబ గద్వాల జిల్లాలో లెక్క తిరగబడుతుంది. అక్కడ విత్తనాల కోసం వేసే సీడ్ పత్తి సాగు ఎక్కువ. వానాకాలంలో పూత వచ్చాక క్రాసింగ్ పని మొదలవుతుంది. మగ మొక్క పూల పుప్పొడిని ఆడ మొక్క పూలకు చేత్తో అంటించే పని, చిన్న చేతులతో త్వరగా అవుతుందన్న పేరుతో పిల్లలను దింపుతారు. అంటే అక్కడ బడి ఖాళీ అయ్యేది వేసవిలో కాదు, బడి నడిచే నెలల్లోనే. పిల్లలు తీరుబడిగా దొరికేది ఎండాకాలంలో. అక్కడ మే నెలలో బడితో అలవాటైన పిల్ల, ఆగస్టులో చేను దారి పట్టకుండా ఆగే అవకాశం ఎక్కువ. రంగారెడ్డి జిల్లాలో 1991 నుంచి బాల కార్మికుల మీద పనిచేసిన ఎం.వి. ఫౌండేషన్ అనుభవం ఈ మాటకు బలం. పనిలో ఉన్న పిల్లలను శిబిరాలకు తెచ్చి, ఈడుకు తగ్గ తరగతిలో చేర్పించే పద్ధతిని వాళ్లు నిలబెట్టారు. ఆ పనికి, సంస్థను నడిపిన శాంతా సిన్హాకు 2003లో మెగసెసె అవార్డు వచ్చింది. శిబిరంలో పాఠం ఎంత ముఖ్యమో, ఊళ్లో యువకులు, తల్లులు, పంచాయతీ పెద్దలు "ఈ ఊరి పిల్ల పనికి పోవద్దు" అని ఒక మాట మీదికి రావడం అంతే ముఖ్యమని అక్కడ తేలింది.

ఇక అడ్మిషన్ల సంగతి. ఇందులో సర్కారు బడి ప్రతి ఏడూ ఆలస్యంగానే మేల్కొంటుంది. బడిబాట జూన్‌లో జరుగుతుంది. సార్లు, మేడమ్‌లు ఇంటింటికీ తిరుగుతారు, ర్యాలీ తీస్తారు. కానీ మండల కేంద్రంలోని ప్రైవేటు బడి మనిషి ఏప్రిల్‌లోనే ఆ ఇంటికి వచ్చిపోయి ఉంటాడు. ఫీజులో తగ్గింపు మాట్లాడతాడు, బస్సు ఇంటి ముందుకు వస్తుందంటాడు, అడ్వాన్స్ తీసుకుంటాడు. వడ్ల డబ్బులు చేతికొచ్చే నెల కూడా అదే. జూన్‌లో సారు వెళ్లేసరికి "ఇగ కట్టినం సార్" అన్న మాట వస్తుంది. ఇంకో లోపం వయసు దగ్గరుంది. ప్రైవేటు బడి మూడేళ్ల పిల్లను నర్సరీలో చేర్చుకుంటుంది. సర్కారు బడి ఒకటో తరగతితోనే మొదలయ్యేది. 2022 నుంచి ఇంగ్లిష్ మీడియం వచ్చింది, 2025 నుంచి కొన్ని బడుల్లో ప్రీప్రైమరీ మొదలైంది, రెండూ అవసరమైనవే. కానీ అంగన్‌వాడీ నుంచి ఒకటో తరగతికి రావాల్సిన నలుగురైదుగురు పిల్లల పేర్లు మార్చిలోనే బడి దగ్గర ఉండాలి. చిన్న ఊళ్లో ఆ పేర్లు రాసుకోవడానికి పది నిమిషాలు పట్టదు. నలుగురు చేరితే బడి నిలుస్తుంది, ఇద్దరే చేరితే మరుసటి ఏడు పిల్లల సంఖ్యను బట్టి టీచర్లను సర్దే హేతుబద్ధీకరణలో ఒక పోస్టు పోతుంది, పోస్టు పోయిన బడి నుంచి మిగతా తల్లిదండ్రులూ పిల్లలను తీసేస్తారు. పల్లెల్లో బడి మూతపడే తీరు ఇదే, ఒక్క రోజులో కాదు, మూడు నాలుగు వేసవుల్లో.

అందుకే అసలైన బడిబాట ఏప్రిల్ 23 అనుకోవాలి. ఆ రోజు ప్రోగ్రెస్ కార్డులు ఇస్తారు, తల్లిదండ్రుల సమావేశం పెడతారు. చాలాచోట్ల అది సంతకాల తంతుగా ముగుస్తుంది. అదే రోజు పిల్ల చేత తల్లి ముందు ఒక పేజీ చదివిస్తే సంగతి వేరుగా ఉంటుంది. చదువు రాని తల్లికి గ్రేడు అక్షరం ఏమీ చెప్పదు. బిడ్డ గొంతు తడబడకుండా ఒక కథ చదివితే ఆమెకు అన్నీ తెలుస్తాయి. లంబాడా తండాల్లో ఇది ఇంకా ముఖ్యం. దేవరకొండ, చందంపేట వైపు తండా పిల్ల ఇంట్లో మాట్లాడేది గోర్‌బోలి, బడిలో వినేది తెలుగు, పుస్తకంలో ఇప్పుడు ఇంగ్లిష్ కూడా. మార్చిలో హోళీ వేళ తండాలో లెంగి పాటలు పాడతారు. ఆ పాటల్లో ఒకటి పిల్లలు బడిలో పాడి, దాని మాటలు తెలుగు లిపిలో బోర్డు మీద రాసిన రోజు, ఆ బడి తమదని తండాకు నమ్మకం కలుగుతుంది. ఖర్చు ఒక సుద్దముక్క.

సెలవుల్లో ఏం జరపాలన్న చోట పట్నం నమూనా తెచ్చి రుద్దడం పనికిరాదు. జిల్లా కేంద్రాల్లో క్రీడా శాఖ వేసవి శిక్షణ శిబిరాలు నడుపుతుంది, అవి మంచివే. బస్సు సరిగా లేని ఊరి పిల్లకు అవి అందవు. ఊళ్లో అయితే పొద్దున ఏడు నుంచి తొమ్మిది, కాదంటే సాయంత్రం ఐదున్నర తర్వాత, వేపచెట్టు కింద రెండు గంటలు చాలు. బడి బీరువాలో కథల పుస్తకాలు ఉంటాయి. బడులకు నిధులిచ్చే సమగ్ర శిక్ష పథకం కింద గ్రంథాలయానికి ప్రాథమిక బడికి ఏడాదికి 5,000 రూపాయల దాకా ఇస్తారు. ఆ పుస్తకాలు నలుగుతాయేమో, పోతాయేమో అన్న భయంతో తాళంలో ఉండిపోతాయి. రెండు వేసవులు పిల్లల చేతుల్లో తిరిగి చిరిగిన పుస్తకం, పదేళ్లు బీరువాలో ఉన్న కొత్త పుస్తకం కన్నా ఎక్కువ పని చేసినట్టే. నల్లగొండ గడ్డకు ఇది కొత్త మాట కాదు. నిజాం పాలనలో తెలుగు చదువుకు చోటు దొరకని రోజుల్లో, 1918లోనే నల్లగొండలో ఆంధ్ర సరస్వతీ గ్రంథ నిలయం పెట్టుకున్నారు. పుస్తకం జనం చేతికి అందాలన్న పట్టుదల వంద ఏళ్ల కిందే ఇక్కడుంది.

పుస్తకాలతో ఆగనక్కర్లేదు. ఊళ్లో పాత బావుల పేర్లు, చెలకల పేర్లు, చెట్ల పేర్లు ముసలవ్వలను అడిగి పిల్లలు రాసుకోవచ్చు. మర్రిగూడ వైపు ఊళ్లలో ఫ్లోరైడ్ నీళ్లతో నడుము వంగిన పెద్దవాళ్లు ఇంకా ఉన్నారు. భగీరథ నల్లా రాకముందు నీళ్లు ఎక్కడి నుంచి తెచ్చుకున్నారో వాళ్ల నోట విని రాసిన పేజీ ఏ పాఠ్యపుస్తకంలోనూ దొరకదు. బడి ఆవరణలో నాటిన మొక్కలు సెలవుల్లోనే ఎండిపోతాయి, పిల్లకు రెండు మొక్కల చొప్పున పంచితే బతుకుతాయి. పిచ్చుకల కోసం వరికంకుల గుత్తి కట్టి వేలాడదీయడం, పక్కన మట్టి చిప్పలో నీళ్లు పెట్టడం ఏప్రిల్ కోతల్లో ఎవరైనా నేర్పగలరు.

ఎవరు నడపాలి అన్నదే గట్టి ప్రశ్న. సారే నడపాలనడం అన్యాయం. టీచర్లకు వేసవి సెలవులు ఉన్నందుకే మిగతా ఉద్యోగులకన్నా సంపాదిత సెలవులు తక్కువ ఇస్తారు. సెలవుల్లో పని చేయిస్తే దానికి తగ్గట్టు సంపాదిత సెలవు (ఈఎల్) జమ కావాలి, ఉచిత సేవ అనకూడదు. అయితే ఊళ్లో ఆ నెలల్లో ఖాళీగా ఉండేవాళ్లు ఉన్నారు: పదో తరగతి, ఇంటర్ పరీక్షలు రాసి ఇంటికొచ్చిన అమ్మాయిలు, అబ్బాయిలు. ముఖ్యంగా పది రాసిన అమ్మాయిలు. వైశాఖం, జ్యేష్ఠం పెళ్లిళ్ల కాలం. టెన్త్ అయిపోయింది, కాలేజీ దూరం, మంచి సంబంధం వచ్చింది అని పదహారేళ్ల పిల్లకు ముహూర్తం పెట్టే ఇళ్లు ఈ జిల్లాల్లో ఇంకా ఉన్నాయి. 18 నిండకుండా పెళ్లి చేయడం నేరమని 2006 బాల్య వివాహాల నిషేధ చట్టం చెబుతోంది, పిల్లల సహాయ నంబర్ 1098కు ఫోన్ చేస్తే అధికారులు వస్తారు. వాళ్లు వచ్చేసరికి పందిరి పడి ఉంటుంది, ఇరుపక్షాలకూ అవమానం, అమ్మాయికి టెన్షన్. అదే అమ్మాయి రోజూ సాయంత్రం ఇరవై మంది పిల్లలకు కథ చదివి వినిపిస్తుంటే, తల్లులంతా ఆమెను "మా పిల్లల మేడం" అంటుంటే, గుట్టుగా సంబంధం కుదుర్చుకోవడం అంత తేలిక కాదు. ఆమె వారం రోజులు రాకపోతే పిల్లలే ఇంటికి పోయి అడుగుతారు. అలాంటి అమ్మాయికి పంచాయతీ తరఫున నెలకు కొంత గౌరవ వేతనం ఇస్తే ఇంట్లో ఆమె మాటకు విలువ కూడా పెరుగుతుంది.

డబ్బు పెద్ద అడ్డంకి కాదు, కానీ అసలు లేకుండా ఏదీ జరగదు. 30 మంది లోపు పిల్లలున్న బడికి సమగ్ర శిక్ష నుంచి ఏడాదికి వచ్చే మిశ్రమ గ్రాంటు 10,000 రూపాయలు. సుద్దముక్కలు, రిజిస్టర్లు, చిన్న మరమ్మతులు అన్నీ అందులోనే. 2022 మార్చిలో వనపర్తిలో మొదలుపెట్టిన బడుల బాగు పథకం మన ఊరు – మన బడి కింద కొన్ని బడులకు భవనాలు బాగుపడ్డాయి, ఎక్కువ మంది పిల్లలున్న బడులు ముందు వరుసలో నిలిచాయి, చిన్న బడులు వెనకబడ్డాయి. 2024లో అమ్మ ఆదర్శ పాఠశాల కమిటీలు వచ్చాయి. మహిళా సంఘాల గ్రామ సంఘం అధ్యక్షురాలు వీటికి అధ్యక్షురాలు, ప్రధానోపాధ్యాయుడు కన్వీనర్. మరమ్మతులు, తాగునీరు, మరుగుదొడ్ల పనులు వీటికి అప్పగించారు, యూనిఫాం కుట్టుపని మహిళా సంఘాలకు ఇచ్చారు. ఈ పనులన్నీ జరిగేది వేసవిలోనే కాబట్టి మే నెలలో మేస్త్రీలు, కూలీల కోసం బడి తలుపు ఎలాగూ తెరుచుకుంటుంది. పిల్లల కోసం వరండా కూడా తెరవడానికి కొత్త ఉత్తర్వు కోసం ఎదురుచూడాల్సిన పనిలేదు.

కావలసింది ఏప్రిల్ 23 సమావేశంలో ఒక తీర్మానం. తాళంచెవి ఎవరి దగ్గర ఉంటుంది, పుస్తకాల పెట్టె ఎవరి ఇంట్లో పెడతారు, సాయంత్రం కుండలో నీళ్లు ఎవరు నింపుతారు, ఏదైనా జరిగితే ఎవరికి ఫోన్ చేయాలి అన్నవి పేర్లతో సహా రాసుకోవాలి. ఆ పేర్లలో వంటమ్మ పేరు ఉండాలి, పది రాసిన ఒక అమ్మాయి పేరు ఉండాలి, పుస్తకం పోతే సారు జేబులోంచి కట్టనక్కర్లేదన్న మాట ఉండాలి. కింద అధ్యక్షురాలి సంతకం, కన్వీనర్ సంతకం, వచ్చిన తల్లులందరి వేలిముద్రలు.